రంపం పళ్ళు, రంగు గోళీలు

నాకు పద్నాలుగో ఏట నుంచి మైగ్రేన్ ఉంది. మా అమ్మకీ ఉండేది. మా ఊళ్ళో దాన్ని ఒంటికణత నొప్పి అనేవాళ్ళు. నాకు నొప్పికి ముందు చూపు మారుతుంది. చదువుతున్న పేజీలో ఒక అక్షరం ఉన్నట్టుండి కనపడకుండా పోతుంది. ఆ ఖాళీ పక్కనే వెండిరంగులో రంపం పళ్ళలాంటి గీత మొదలై, మిణుకుమిణుకుమంటూ, మెల్లగా కొడవలిలా వంగి, చూపు అంచు దాకా జరిగిపోతుంది. అది పూర్తవడానికి 20, 25 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత తలలో సుత్తి దెబ్బలు మొదలవుతాయి. నా సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. మా పాప విషయంలో నేను పొరబడింది ఇక్కడే.

2021 నవంబరు. పాపకి 8 ఏళ్ళు, మూడో తరగతి. ఒకరోజు సాయంత్రం హోంవర్క్ చేసుకుంటూ "అమ్మా, తలనొప్పి" అని పుస్తకం మూసేసింది. కాసేపటికి వాంతి అయింది. లైటు తీసేయమని చెప్పి పడుకుంది. రెండు గంటల తర్వాత లేచి, ఏమీ జరగనట్టు పెరుగన్నం తిని ఆడుకుంది. వారం తిరక్కుండా మళ్ళీ అంతే. డిసెంబరుకల్లా వారానికి రెండుసార్లు వస్తోంది.

ఇంట్లో తలా ఒక కారణం చెప్పాం. మా అత్తయ్య పైత్యం అన్నారు, అల్లం రసం పట్టించారు. ఏడాదిన్నరగా ఆన్‌లైన్ క్లాసులని ఫోన్ చూసి చూసి వచ్చిందని మా ఆయన అన్నారు. కళ్ళ డాక్టరు కొద్దిగా సైటు ఉందని అద్దాలు రాశారు. అద్దాలు పెట్టుకున్నా నొప్పి ఆగలేదు. నేను మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే అనుకున్నాను: నా పోలికే వచ్చింది పిల్లకి.

ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన వాంతి అవుతోందా, వెలుతురు పడటం లేదా, నిద్రపోతే తగ్గుతోందా, ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగారు. అన్నిటికీ అవునన్నాను. "అమ్మ దగ్గర్నుంచి వచ్చిందమ్మా, మైగ్రేనే" అని ఫ్లూనారిజిన్ మాత్ర రాశారు. ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. పిల్లల్లో మైగ్రేన్ పెద్దవాళ్ళలో వచ్చినట్టు రాదు. ఒక పక్కే రావాలని లేదు, నుదురంతా పట్టేయొచ్చు, రెండు గంటల్లోనే పోవచ్చు. పాపకి వచ్చేది దానికి సరిగ్గా సరిపోయింది.

కానీ ఒకమాట ఆయన అడగలేదు, నేనూ సరిగా చెప్పలేదు. నొప్పికి ముందు ఏమవుతోంది? పాప అప్పటికి రెండు మూడు సార్లు "గోళీలు వచ్చాయమ్మా" అంది. నేను డాక్టరుతో "నాలాగే కళ్ళ ముందు మెరుపులు వస్తాయటండీ" అని చెప్పాను. గోళీలు అన్న పిల్ల మాటని నేనే మెరుపులు చేసేశాను. ఆ ఒక్క మాట మార్చడం వల్ల రెండు నెలలు పోయాయి.

సంక్రాంతికి మా అమ్మావాళ్ళింటికి వెళ్ళాం. కనుమ నాడు పొద్దున వాకిట్లో పిన్ని పిల్లలతో కలిసి పాప ముగ్గుకి రంగులు వేస్తోంది. నేను గడప దగ్గర కూర్చుని కూర తరుగుతున్నాను. "అమ్మా, గోళీలు" అంది. తలెత్తి చూసేసరికి కళ్ళు రెండూ ఎడమవైపుకి లాక్కుపోయి ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. చేతిలో పసుపు రంగు గుప్పిట సందుల్లోంచి కారిపోతోంది. అంతలోనే ఒళ్ళు బిగుసుకుని, ముగ్గు మీదే పడిపోయి కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఎవరో తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరో ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. నోట్లో చెంచా పెట్టమని ఇంకొకరు అరుస్తున్నారు. ఇవేవీ చేయకూడదని ఇప్పుడు తెలుసు. తాళాలకి ఫిట్స్ ఆగవు, చాలావరకు ఫిట్స్ వాటంతట అవే ఆగుతాయి. నోట్లో ఏదైనా పెడితే పళ్ళు విరుగుతాయి, ఊపిరికి అడ్డం పడుతుంది. పిల్లని ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది ఏదైనా పెట్టాలి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరుగెత్తాలి. ఆ రోజు గడియారం చూసింది మా తమ్ముడొక్కడే. రెండు నిమిషాలన్నాడు. నాకది ఒక పూటంత అనిపించింది.

ఆగాక వాంతి చేసుకుంది, నిద్రపోయింది, గంట తర్వాత లేచి నుదురు రెండు చేతులతో పట్టుకుని "తలనొప్పి" అని ఏడ్చింది. ఎప్పుడూ వచ్చే నొప్పే, ఎప్పుడూ అయ్యే వాంతే. అప్పుడు నాకు గుండె జారిపోయింది. అంటే ఇన్నాళ్ళూ ఈ నొప్పి వెనక ఉన్నది ఇదేనా?

ఆ వారమే గుంటూరులో పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఫైలు పక్కన పెట్టేశారు. బల్ల మీద తెల్లకాగితం, రంగు పెన్సిళ్ళు పాప ముందుకి జరిపారు. "నీకు కనిపించేవి నాకు గీసి చూపిస్తావా తల్లీ?"

పాప ఏమీ ఆలోచించలేదు. కాగితానికి ఎడమ అంచున ఎర్రది, ఆకుపచ్చది, నీలంది, పసుపుది చిన్న చిన్న సున్నాలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టు గీసింది. వాటి పక్కన అవే ఇంకొంచెం పెద్దవి చేసి గీసింది. "ముందు ఇట్లా ఉంటాయి, తర్వాత ఇట్లా అయిపోతాయి, గిర్రున తిరుగుతాయి" అంది. ఎంతసేపుంటాయని అడిగారు. "నేను ముప్ఫై లెక్కపెట్టేలోపు పోతాయి. ఒక్కోసారి అరవై." తనే లెక్కపెట్టుకుంటోందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఇంకో కాగితం నా ముందుకి జరిపారు. "మీకు వచ్చేది మీరు గీయండమ్మా." నేను పెన్సిల్‌తో నా రంపం పళ్ళు గీశాను. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి నా వైపు తిప్పారు.

ఒకదాన్లో గుండ్రాలు, ఇంకోదాన్లో కోణాలు. పాప కాగితం నిండా రంగులు, నాది నలుపూ తెలుపూ. పాపకి ఎప్పుడూ ఎడమ వైపే మొదలై, సెకన్లలో వచ్చి సెకన్లలో, మహా అయితే రెండు మూడు నిమిషాల్లో పోతాయి. నాది మధ్యలో మొదలై నిమిషాల తరబడి పాకుతుంది. "ఎప్పుడూ ఇంత స్పష్టంగా ఉండదు, కానీ మీ పాప చాలా చక్కగా చెప్పింది" అన్నారు డాక్టరమ్మ. మైగ్రేన్‌కి ముందు వచ్చేది 5 నిమిషాల నుంచి గంట దాకా ఉంటుందట. తల వెనకభాగంలో చూపుని చూసుకునే చోట ఫిట్ మొదలైతే రంగు గుండ్రాలు కనిపిస్తాయట. అది అక్కడే ఆగిపోతే మనకి బయటికి ఏమీ తెలియదు. తర్వాత వచ్చే తలనొప్పి, వాంతి మాత్రమే తెలుస్తాయి. అవి అచ్చం మైగ్రేన్‌లాగే ఉంటాయి. ఈ పొరపాటు డాక్టర్లకి కూడా తరచుగా జరిగేదే అన్నారు. పాప ఇంకా చిన్నప్పుడు రాత్రి నిద్రలో లేచి పాలిపోయి వాంతులు చేసుకోవడం, కళ్ళు ఒక పక్కకి పోవడం లాంటివి ఉన్నాయా అని కూడా అడిగారు. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లల్లో అలా వచ్చే ఇంకో రకం ఫిట్స్ ఉందట. దాన్ని అజీర్తి అనో మైగ్రేన్ అనో అనుకుని వదిలేస్తారట. మా పాపకి అవి లేవు.

మెదడులో నడిచే కరెంటుని గీతలుగా చూపించే ఈఈజీ పరీక్ష రాశారు. దానికి ముందురోజు కుంకుడుకాయలతో తలంటాను. నూనె చుక్క కూడా ఉండకూడదన్నారు. నిద్ర తక్కువైతే మెదడులోని తేడా బాగా బయటపడుతుందట. అందుకని రాత్రి 12 దాకా మేలుకోబెట్టి, తెల్లవారుజామున 4 గంటలకి లేపాం. తెనాలి నుంచి గుంటూరు దాకా కారులో పాప కళ్ళు మూతపడకుండా మా ఆయన పొడుపుకథలు వేస్తూనే ఉన్నారు.

ఈఈజీ తీసే అమ్మాయి టేపుతో తల కొలిచి, ఎర్ర పెన్సిల్‌తో చుక్కలు పెట్టింది. ఒక్కో చుక్క దగ్గరా కాస్త రుద్ది, తెల్లటి పేస్టు రాసి, ఒక్కో వైరూ అతికించింది. మొత్తం ఇరవైకి పైనే. "కరెంటు పెడతారా?" అని పాప భయంగా అడిగింది. "పెట్టం బంగారం. నీ తలలో ఉన్న కరెంటుని మేం వింటామంతే" అంది. ఆ మాటతో పాప భుజాలు కిందికి దిగాయి. గాలిపటం తోకని ఊదినట్టు ఊదమంటూ 3 నిమిషాలు గట్టిగా ఊపిరి తీయించింది. ముఖం ముందు లైటు మిలమిలలాడించింది. నేను పాప పాదం పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

"కళ్ళు మూసుకో." గీతలు సన్నగా నడుస్తున్నాయి. ఒకటి రెండు సెకన్లలో కిందివైపు రెండు మూడు వరసల్లో మేకులు దిగ్గొట్టినట్టు నిలువుగా మొనలు లేచాయి, వరసగా. "కళ్ళు తెరువు." మాయం. "మూసుకో." మళ్ళీ మేకులు. అయిదారుసార్లు అలాగే జరిగింది. ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. కానీ కళ్ళు మూస్తే వచ్చి, తెరిస్తే పోయేదేదో నా పిల్ల తలలో ఉందని నాకు అక్కడే తెలిసిపోయింది.

కళ్ళు చూడటం మానగానే వెనకభాగంలో అలా రేగడం ఈ రకం ఫిట్స్‌కి ఒక గుర్తని తర్వాత డాక్టరమ్మ చెప్పారు. ఫ్రెంచ్ వైద్యుడు గాస్తో 1982లో దీన్ని వివరించాడట. 8, 9 ఏళ్ళప్పుడే ఎక్కువగా మొదలవుతుందట. అయితే ఈఈజీ ఒక్కటే చూసి ఏదీ తేల్చనని కూడా అన్నారు. మామూలు మైగ్రేన్ ఉన్న పిల్లల్లో కొందరికి ఈఈజీలో ఇలాంటి మొనలు కనిపించవచ్చు, ఫిట్స్ ఉన్న పిల్లలకి ఒక్కోసారి బాగానే ఉండొచ్చు. తలనొప్పి అన్న ప్రతి పిల్లకీ ఈఈజీ తీయించాల్సిన పని లేదు. ముందు పిల్ల చెప్పేది వినాలి, తర్వాతే మిషను. ఎమ్మారై కూడా తీయించారు. మన ప్రాంతాల్లో బద్దెపురుగు గుడ్లలోంచి వచ్చే లార్వాలు మెదడుకి చేరి కట్టే తిత్తుల వల్ల, టీబీ గడ్డల వల్ల కూడా పిల్లలకి ఫిట్స్ వస్తాయి కాబట్టి చూడక తప్పదన్నారు. అదంతా బాగుంది. ఆ రిపోర్టు పట్టుకుని నేను ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాను.

మందు దగ్గర నేనొక ప్రశ్న అడిగాను. మైగ్రేన్‌కీ ఫిట్స్‌కీ రెండిటికీ పనిచేసే మందులున్నాయని ఎక్కడో చదివాను, అలాంటిది ఒకటి ఇస్తే సరిపోదా అని. ఉన్నాయన్నారు. వాల్‌ప్రొయేట్ ఒకటి, టోపిరమేట్ ఒకటి. కానీ వాల్‌ప్రొయేట్ వాడేవాళ్ళకి గర్భం వస్తే బిడ్డకి అవకరాలు వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి, వేరే దారి ఉంటే ఆడపిల్లలకి మొదలుపెట్టరట. టోపిరమేట్ కొందరు పిల్లల్లో ఆకలి తగ్గిస్తుంది, మాటలు తడుముకునేలా చేస్తుంది. పాపకి కార్బమజెపిన్ రాశారు. కొద్దిగా మొదలుపెట్టి వారం వారం పెంచుతూ పోవాలి. ఒంటి మీద దద్దుర్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెంటనే ఫోన్ చేయమని గట్టిగా చెప్పారు. మొదటి 10 రోజులు పాప మత్తుగా ఉండేది, అన్నం ముందు కునికిపాట్లు పడేది. తర్వాత సర్దుకుంది. రెండో వారానికే గోళీలు తగ్గాయి. గోళీలతోపాటే తలనొప్పీ తగ్గింది. ఫ్లూనారిజిన్ ఆపేశాం.

ఒక నోటుపుస్తకం పెట్టుకోమన్నారు. ఫిట్స్‌కి ఎర్ర పెన్ను, ఉత్త తలనొప్పికి నీలం పెన్ను. ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు, ఏ రంగు, ఏ పక్క. ఎర్ర పెన్నుతో రాసిన చివరి మాట 2022 ఏప్రిల్‌ది. బంధువుల పెళ్ళికి వెళ్తూ మందు సంచి ఇంట్లోనే మర్చిపోయాం, రెండు రాత్రులు మందు పడలేదు. మూడో రోజు పొద్దున గోళీలు వచ్చాయి. ఆ తర్వాత ఒక్క పూట కూడా తప్పలేదు.

స్కూల్లో చెప్పాలా వద్దా అని ఇంట్లో పెద్ద గొడవే అయింది. "ఆడపిల్ల, రేపు పెళ్ళి కావాలి, ఊరంతా చాటుతావా అమ్మాయ్?" అని మా అత్తయ్య బాధపడ్డారు. ఆవిడది పిల్ల మీద ప్రేమే. కానీ తరగతి గదిలో పాప కళ్ళు పక్కకి లాక్కుపోతే ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి కదా? చెప్పాను. ముందు స్కూలు వాళ్ళు కొన్నాళ్ళు ఇంట్లోనే ఉంచమన్నారు. నేనూ టీచర్నే కాబట్టి ఊరుకోలేదు. డాక్టరు ఉత్తరం తీసుకెళ్ళి, ఏం చేయాలో ఏం చేయకూడదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. వాళ్ళ క్లాస్ టీచరు ఆ కాగితాన్ని బీరువా తలుపు లోపలి వైపు అంటించుకున్నారు. ఆవిడకి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

మైగ్రేన్, మూర్ఛ రెండూ ఒక్కచోట ఎందుకు కలుస్తాయన్నది నన్ను వదల్లేదు. రెండిట్లో ఏ ఒకటి ఉన్నా రెండోది వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువని డాక్టరమ్మ చెప్పారు. ఒళ్ళు ఒక పక్క చచ్చుబడే అరుదైన వంశపారంపర్య మైగ్రేన్‌లో దొరికిన జన్యువుల్లో కొన్ని మూర్ఛలోనూ ఉన్నాయి. చదువుతుంటే ఇంకో సంగతి దొరికింది. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తనకి వచ్చే రంపం గీతల్ని తనే కాగితం మీద గీసుకుని, మెదడులో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కగట్టాడు. మూడేళ్ళ తర్వాత బ్రెజిల్ శాస్త్రవేత్త అరిస్టిడెస్ లెయావ్ సరిగ్గా అలాంటిదే కుందేళ్ళ మెదడులో చూశాడు: విద్యుత్తు అణగిపోతూ అంతే మెల్లగా పాకే ఒక అల. లెయావ్ నిజానికి వెతుకుతున్నది మైగ్రేన్ కోసం కాదు, మూర్ఛ కోసం. ఇది చదివిన రాత్రి పాప కాగితం, నా కాగితం బీరువాలోంచి తీసి మళ్ళీ చూసుకున్నాను. నాది చీమలా పాకే అల. పాపది ఒక్క తుళ్ళింతలో రేగి పోయే నిప్పురవ్వ. మొదలయ్యే చోటు మాత్రం ఇద్దరికీ ఒకటే, తల వెనక.

రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా లేకుండా గడిచాక, ఈఈజీ మళ్ళీ తీసి, 2024 జూన్ నుంచి నాలుగు నెలల్లో మందు కొద్దికొద్దిగా తగ్గించి ఆపారు. ఈ రకం చాలామంది పిల్లల్లో కొన్నేళ్ళకి తగ్గిపోతుందని ముందే చెప్పారు. అయినా ఆ నాలుగు నెలలూ నేను పాప పక్కలోనే పడుకున్నాను.

2025 మార్చిలో, ఒక సాయంత్రం లెక్కలు చేసుకుంటూ పాప నన్ను పిలిచింది. పరీక్షల రోజులు, సరిగా నిద్రలేదు, మధ్యాహ్నం అన్నం తినలేదు. "అమ్మా, పుస్తకంలో ఒక అంకె కనపడట్లేదు."

నా చేతులు చల్లబడ్డాయి. కాగితం, పెన్సిల్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. గోడ గడియారం 6:40 చూపిస్తోంది. ఏం కనిపిస్తోందని అడగలేదు, నా మాట దాని నోట్లో పెట్టకూడదని. పాప గీసింది: మధ్యలో ఒక చిన్న వంకర గీత. అయిదు నిమిషాలకి ఇంకొకటి, కాస్త పెద్దది. మరో అయిదు నిమిషాలకి ఇంకొకటి. ఏ పెన్సిల్ కావాలని అడిగితే రంగులు వద్దంది. "గోళీలు కావమ్మా. ఇవి పళ్ళు." 7:02కి అంచు దాటి పోయాయంది. ఆ తర్వాత నొప్పి మొదలైంది.

ఆ కాగితం మర్నాడే డాక్టరమ్మకి చూపించాం. మళ్ళీ ఈఈజీ తీశారు. మేకులు లేవు. ఇది మైగ్రేనేనని, ఇప్పటికైతే రోజూ మందు అక్కర్లేదని, వేళకి తిండి, నిద్ర చూసుకోమని, ఎర్ర పెన్ను మాత్రం పారేయొద్దని చెప్పారు.

నోటుపుస్తకంలో కొత్త పేజీ నీలం పెన్నుతో మొదలైంది. సాయంత్రం 6:40 నుంచి 7:02. రంగు లేదు. వాంతి లేదు. పారాసిటమాల్ వేసుకుని చీకట్లో పడుకున్నాక గంటన్నరలో తగ్గింది. ఆ చేతిరాత పాపదే.